పెరటి తోటకు సిమెంటు పలకల కంచె: ఇంట్లోనే పోసుకునే పద్ధతి

పెరట్లో నాలుగు వంగ మొక్కలు, రెండు మడుల తోటకూర వేసుకున్నవాళ్లకు కంచె ఎందుకో చెప్పక్కర్లేదు. మేక ఒక్కసారి దూరిందంటే నెల రోజుల కష్టం పావుగంటలో సాఫు. వెదురు దడి చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ చెద పట్టడానికి ఎంతో కాలం పట్టదు. ముళ్లతీగ గొడ్లను ఆపుతుంది, కోళ్లను ఆపదు. ఇటుక గోడ కడదామంటే పునాది తవ్వకం, మేస్త్రి కూలీ కలిసి తోట విలువను దాటిపోతాయి.

ఊరి పొలిమేరల్లో ప్లాట్ల చుట్టూ రెడీమేడ్ ప్రహరీలు మీరు చూసే ఉంటారు. రెండు పక్కలా గాడి ఉన్న సిమెంటు స్తంభాలు, ఆ గాడుల్లో ఒకదాని మీద ఒకటి దించిన పలకలు. అదే పద్ధతిని చిన్న సైజులో ఇంటి దగ్గరే పోసుకోవచ్చు. ఎకరం చుట్టూ కావాలంటే మాత్రం ఇవి పోసి అమ్మే యార్డులో కొనుక్కోవడమే నయం. ముప్పై, యాభై అడుగుల పెరటి కంచెకు సొంతంగా పోసుకోవడం గిట్టుబాటవుతుంది. అన్నట్టు, కోతుల్ని ఇది ఆపదు. పందికొక్కులు కూడా కింద తవ్వుకుని వస్తాయి. మేకలు, కుక్కలు, పందులు, కోళ్లు, ఇంతవరకే దీని పూచీ.

కొలతలు ముందు ఖాయం చేసుకోండి

ఈ పనిలో సగం తలనొప్పులు కొలతల్లోనే పుడతాయి. కింద ఇచ్చిన లెక్క 32 అడుగుల తిన్నని వరుసకు. మీ పొడుగును బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

పలక: 5 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళంన్నర మందం. బరువు 44 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు ఎత్తగలరు. యార్డుల్లో చేసే ఆరడుగుల, రెండంగుళాల పలక 70 కిలోలు తూగుతుంది. ఇంటి మనుషులతో దాని జోలికి పోకండి.

స్తంభం: ఆరున్నర అడుగుల పొడవు. కంచె వెంబడి 6 అంగుళాలు, మందం వైపు 5 అంగుళాలు. ఇందులో రెండున్నర అడుగులు నేలలోకి పోతుంది, నాలుగడుగులు పైన ఉంటుంది. గాడిని కింది దాకా తీయొద్దు. స్తంభం అడుగు నుంచి 27 అంగుళాలు నిండుగా వదిలేసి, ఆ పైన మొదలుపెట్టి తల దాకా తీయండి. అప్పుడు గాడి మొదలయ్యే చోట చిన్న మెట్టులాంటిది ఏర్పడి, అట్టడుగు పలక దాని మీదే కూర్చుంటుంది. మెట్టు నేలమట్టానికి 3 అంగుళాల కింద ఉంటుంది కాబట్టి కుక్క కాలితో గీరినా వెంటనే సందు పడదు. గాడి లోతు అంగుళంపావు, వెడల్పు మూతి దగ్గర 2 అంగుళాలు, లోపల అంగుళంముప్పావు.

పలక రెండు కొసలూ ఒక్కో అంగుళం గాడిలోకి పోవాలి. అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీ 58 అంగుళాలు, మధ్య నుంచి మధ్యకు 64. ఆ లెక్కన 32 అడుగులకు ఆరు గడులు (రెండు స్తంభాల మధ్య భాగాన్ని గడి అందాం) వస్తాయి: 7 స్తంభాలు, గడికి 4 చొప్పున 24 పలకలు. రెండు కొసల స్తంభాలకు ఒకవైపే గాడి. కంచె మూల తిరగాలంటే పక్కపక్క ముఖాల్లో గాడులు తీసే తిప్పలు పడకుండా, ఒకవైపు గాడి స్తంభాలు రెండింటిని దగ్గర దగ్గరగా పాతేయండి.

ఇంకాస్త ఎత్తు, అంటే ఐదు పలకలు కావాలనుకుంటే స్తంభం 8 అడుగులు పోసి 3 అడుగులు పాతాలి. అంతకు మించి ఈ సైజు స్తంభంతో పోవద్దు. తుపాను గాలులు కొట్టే కోస్తా ఊళ్లలో నాలుగు పలకల దగ్గరే ఆగడం మంచిది. ఒకవైపు మట్టి పోసి గట్టులా ఎత్తు చేయాలనుకునే చోట ఇది అసలు పనికిరాదు, తోసుకుని పడిపోతుంది.

సామాను

సిమెంటు 8 బస్తాలు: పోతకు 6, గుంతల్లోకి 2. కొట్లలో ఎక్కువగా దొరికేది పీపీసీ (బూడిద కలిపిన రకం సిమెంటు), అదే చాలు. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. మూడు నెలలు దాటినది తీసుకోకండి. ఇంటికి తెచ్చాక నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చండి.

ఇసుక 15 నుంచి 16 ఘనపుటడుగులు. రోబో శాండ్ (రాతిని నలగ్గొట్టి చేసిన ఇసుక) అయినా ఫర్వాలేదు, ప్లాస్టరింగుకు వాడే మెత్తని రకం మాత్రం వద్దు. సముద్రపు ఇసుక ముట్టుకోవద్దు, అందులోని ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. మట్టి ఎంతుందో చూడాలంటే గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద పేరుకున్న ఒండ్రు పొర, ఇసుక ఎత్తులో నూటికి ఎనిమిది వంతులు దాటితే కడిగి వాడాలి, లేదా లోడు వెనక్కి పంపాలి.

కంకర: పోతకు అర అంగుళం చిప్స్ 22 నుంచి 23 ఘనపుటడుగులు, గుంతలకు ముప్పావు అంగుళం కంకర 12 ఘనపుటడుగులు. అంగుళంన్నర పలకలోకి ముప్పావు కంకర తోస్తే సలాకల మధ్య ఇరుక్కుని కింద బోలు మిగులుతుంది.

ఇనుము: 8 ఎం.ఎం. సలాకలు 12 మీటర్లవి 5, అంటే 24 కిలోల దాకా. 6 ఎం.ఎం. 40 కిలోలు. బైండింగ్ వైరు ఒక కిలో.

నీళ్లు: తాగే నీళ్లయితే నిశ్చింత. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊరైతే కలపడానికైనా మంచినీళ్లు తెప్పించుకోండి.

అచ్చులు

స్తంభానికి రెండు, పలకకు మూడు అచ్చులు చేయించండి. ఎందుకంటే ఒక బస్తా సిమెంటుతో సరిగ్గా రెండు స్తంభాలు, మూడు పలకలు వస్తాయి. రోజుకో బస్తా కలిపితే మిగలదు, చాలకపోదు. నాలుగు రోజుల్లో స్తంభాలు అయిపోతాయి, ఆపైన నాలుగు రోజులు అరబస్తా చొప్పున పలకలు మాత్రం పోసుకుంటారు.

స్తంభాన్ని పడుకోబెట్టి పోయాలి. చదునైన నేల మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద 5 అంగుళాల ఎత్తున్న రెండు పక్క చెక్కలను 6 అంగుళాల ఎడంతో నిలబెట్టండి. రెండు కొసలా అడ్డచెక్కలు, లోపలి పొడవు 78 అంగుళాలు. గాడి కోసం పక్క చెక్కల లోపలివైపు, ఎత్తుకు సరిగ్గా మధ్యలో, 51 అంగుళాల రీపరు (సన్నని చెక్క పట్టె) కొట్టాలి. ఆ రీపరు చెక్కకు తగిలే వైపు 2 అంగుళాలు, లోపలివైపు అంగుళంముప్పావు ఉండేలా వడ్రంగి చేత చిత్రిక పట్టించండి. ఈ వాలు లేకపోతే మర్నాడు చెక్క లాగినప్పుడు గాడి అంచులు దానితోపాటే ఊడొస్తాయి. పక్క చెక్కలను మేకులతో కాకుండా బోల్టులతో బిగిస్తే తీయడం తేలిక, అచ్చు పదిసార్లు వాడినా వంకర పోదు.

పలక అచ్చు అంటే అంగుళంన్నర మందం రీపర్లతో చేసిన చట్రమే, లోపల 60కి 12 అంగుళాలు. మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచూడండి. ఐమూలగా ఉన్న పలక గాడిలో సగం దాకా దిగి ఇరుక్కుంటుంది.

లోపల పూయడానికి చాలామంది వాడేసిన ఇంజిన్ ఆయిల్ తెస్తారు. దానితో పలకల మీద నల్లమరకలు పడతాయి, పైగా ఇది కూరగాయలు పండించే చోటు. సెంట్రింగు సామాను దొరికే కొట్లో షట్టరింగ్ ఆయిల్ అడగండి. గుడ్డతో పలచగా పూయండి, సలాకలకు అంటనీయకండి.

ఇనుప పని

స్తంభానికి 75 అంగుళాల 8 ఎం.ఎం. సలాకలు నాలుగు. 12 మీటర్ల సలాకలో ఇలాంటివి ఆరు వస్తాయి. ఆ నాలుగింటినీ చుట్టి పట్టే రింగు 6 ఎం.ఎం.తో, బయటి కొలత 2 అంగుళాలకు మూడున్నర. అచ్చులో పెట్టినప్పుడు రింగు పొడుగువైపు నిలువుగా ఉండాలి, లేకపోతే గాడి రీపరుకు తగులుతుంది. రింగులు 8 అంగుళాలకొకటి చాలు. అయితే స్తంభం విరిగితే నేలమట్టం దగ్గరే విరుగుతుంది కాబట్టి, అడుగు నుంచి 24, 36 అంగుళాల మధ్య భాగంలో 4 అంగుళాలకొకటి కట్టండి.

పలకలో పొడుగునా 58 అంగుళాలవి మూడు, అడ్డంగా 10 అంగుళాలవి ఐదు, అన్నీ 6 ఎం.ఎం.

సలాక అచ్చు అడుక్కి ఆనితే పని పాడైనట్టే. తేమ లోపలికి పోయి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి సిమెంటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పాత కంచె స్తంభాల మూలల్లో ఎర్రగా బయటపడ్డ చువ్వలు ఇలా వచ్చినవే. రెండు రోజుల ముందే సిమెంటు మాలుతో కవర్ బ్లాకులు (సలాకను అచ్చు అడుక్కి ఆనకుండా ఎత్తి పట్టే చిన్న దిమ్మెలు) పోసుకోండి: స్తంభానికి ముప్పావు అంగుళం, పలకకు అర అంగుళం మందం. పోసేటప్పుడు కంకర రాయి కింద పెట్టి సర్దేయడం మామూలే, కానీ రాయి జారిపోతుంది.

కలపడం, పోయడం

పాళ్లు ఒకటికి ఒకటిన్నర, మూడు. బస్తా సిమెంటు దాదాపు 35 లీటర్ల ఘనం. 17, 18 లీటర్లు పట్టే బకెట్టు ఒకటి పట్టుకుంటే బస్తాకు రెండు బకెట్ల సిమెంటు, మూడు బకెట్ల ఇసుక, ఆరు బకెట్ల చిప్స్. చేత్తో కలిపేటప్పుడు అరబస్తా చొప్పున రెండుసార్లు కలపండి. పారతో లెక్కపెట్టొద్దు, ఏ రెండు పారలూ ఒకలా ఉండవు. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి ఎక్కువ కనిపిస్తుంది, అప్పుడు బకెట్టుకు పావు బకెట్టు అదనంగా వేయాలి.

ముందు ఇసుక, సిమెంటు పొడిగా రంగు ఒకటయ్యేదాకా తిరగేసి, తర్వాత చిప్స్, ఆ తర్వాత నీళ్లు. నీళ్లు అరబస్తాకు 12 లీటర్లు, ఇసుక తడిదైతే ఇంకా తక్కువ. కొలిచి పోయండి. ఇక్కడే పనివాడితో గొడవ వస్తుంది. "ఇంకో చెంబు పోద్దాం సార్, పారకి రావట్లేదు" అంటాడు. అతనికి నడుం నొప్పి, మీకు కంచె. సిమెంటు గట్టిపడటానికి అవసరమైన దానికంటే ఎక్కువ పోసిన నీళ్లు తర్వాత ఆవిరై పోతాయి, అవి ఉన్నచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. అందుకే జారుడు కాంక్రీటు చూడ్డానికి నున్నగా కుదురుతుంది గానీ పలక ఎత్తగానే మధ్యలో చిట్లుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. ఒట్టి చేతులతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, రబ్బరు గ్లౌజులు వేసుకోండి.

స్తంభం అచ్చును రెండు పొరలుగా నింపండి. ప్రతి పొరనూ సలాక ముక్కతో పొడవండి, ముఖ్యంగా రీపరు కింద ఒకటిన్నర అంగుళాల సందులో. తర్వాత చిన్న సుత్తి తీసుకుని పక్క చెక్కలను ఈ కొస నుంచి ఆ కొసదాకా తట్టుకుంటూ పోండి. మొదట గాలిబుడగలు టపటపా పైకొచ్చి పగులుతాయి. కాసేపటికి చెక్కా కాంక్రీటూ కలిసే చోట సన్నని తడి పాకం గీతలా మెరుస్తూ తేలుతుంది. బుడగలు ఆగి, ఆ గీత అచ్చు పొడుగునా తెగకుండా కనిపించేదాకా తట్టాలి. అంతకు మించి కొడితే కంకర అడుక్కి, పాకం పైకి విడిపోతాయి. పలకకు ఒక్క పొరే చాలు. అటూ ఇటూ తడుతూ, సరిబద్దతో గీసి, తాపీతో ఒకసారి మెత్తండి. పైన నున్నగా రావాలని పొడి సిమెంటు చల్లకండి, ఆ పొర తర్వాత పెచ్చులూడుతుంది.

ఎండాకాలం అయితే చెట్టు నీడనో, టార్పాలిన్ కిందో పోయండి. వాన నీళ్లు పారే దారి మీ కంచెకు అడ్డంగా వస్తుంటే, ఆ గడి అట్టడుగు పలకలో పోసేటప్పుడే రెండు మూడు అంగుళాల పీవీసీ పైపు ముక్కలు నిలబెట్టండి. గట్టిపడ్డాక రంధ్రం కొట్టబోతే పలక పోతుంది.

తడపడం

మర్నాడు, 24 గంటలు దాటాక, పక్క చెక్కలు విప్పి పక్కకు లాగండి. పోసిన వస్తువును మాత్రం కదపొద్దు. ఖాళీ అచ్చును పక్కనే ఇంకోచోట పెట్టుకుని కొత్త పోత మొదలుపెట్టండి. అందుకే ముందే కాస్త ఎక్కువ చోటు చదును చేసుకోవాలి.

గోనె సంచులు పరిచి ఎప్పుడూ తడిగా ఉంచండి. పీపీసీకి కనీసం 10 రోజులు, ఎండలు ముదిరితే 14. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు చల్లితే లెక్కలోకి రాదు, మధ్యాహ్నం సంచి ఎండిపోతే పొద్దుటి నీళ్లు వృథా. సంచుల మీద ప్లాస్టిక్ షీటు కప్పితే తడి నిలుస్తుంది. కలిపేటప్పుడు పిసినారిగా కొలిచిన నీళ్లు ఇక్కడ ధారాళంగా పోయండి.

నాలుగో రోజు తర్వాత పలకలను అంచు మీద నిలబెట్టి జరుపుకోవచ్చు. పలకను ఎప్పుడు మోసినా నిలువుగానే మోయాలి. పడుకోబెట్టి రెండు కొసలు పట్టుకుని ఎత్తితే సొంత బరువుకే మధ్యలో చీలిక పడుతుంది. దాచేటప్పుడు కూడా గోడకు ఆనించి అంచుల మీదే. ఆఖరి పోత తర్వాత రెండు వారాలైనా ఆగి పాతడం మొదలుపెట్టండి, నాలుగు వారాలైతే ఇంకా మేలు.

హద్దు, గుంతలు

ఈ ఆగే రోజుల్లో హద్దు సంగతి తేల్చుకోండి. పక్కింటాయనతో కలిసి కొలిచి, ఇద్దరికీ సమ్మతమైన చోట మేకులు కొట్టండి. ఏ కాస్త తేడా ఉన్నా సర్వేకు అర్జీ పెట్టి కొలిపించుకోవడమే మేలు. పాతేది స్తంభాలు, పీకడం తేలిక కాదు. గుంతల కాంక్రీటు కూడా మీ హద్దులోనే ఉండాలి కాబట్టి కంచె గీతను అరడుగు లోపలికి జరపండి.

గుంత అడుగు వెడల్పు, 33 అంగుళాల లోతు. అడుగున 3 అంగుళాలు కంకర వేసి దిమ్మిసతో కుట్టండి. ముందు రెండు కొసల స్తంభాలు నిలబెట్టి, వాటి తలల మధ్య ఒక దారం, నేల దగ్గర ఒక దారం లాగండి. స్తంభం 80 కిలోల పైమాటే, ముగ్గురుండాలి. రెండు ముఖాలకూ రసమట్టం పెట్టి నిలువు చూడండి. తల ఎత్తు తేడా వస్తే అడుగున కంకర తీసో వేసో సరిచేయండి.

ఎడం చూడటానికి టేపు నమ్ముకోకండి. 58 అంగుళాల కర్ర ఒకటి కోసుకుని, స్తంభాల మధ్య కిందా పైనా ఆనించి చూడండి. కర్ర రెండు చోట్లా ఒకే బిగువుతో పడితే పలక దిగుతుంది. గాడులు ఎదురెదురుగా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి. కాస్త తిరిగి ఉన్నా కాంక్రీటు పోశాక తిప్పలేరు.

వాసాలతో రెండువైపులా ఊతం ఇచ్చి, ఒకటికి రెండు, నాలుగు పాళ్ల కాంక్రీటు పొడుస్తూ మెట్టు మట్టం దాకా నింపండి. అంతకు మించి పోస్తే పలక కూర్చునే చోటు మూసుకుపోతుంది. వారం తడిపి, అప్పుడు ఊతాలు తీయండి.

నల్లరేగడి నేలైతే ఈ లెక్క చాలదు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ కదలికకు స్తంభాలు ఏడాదిలోనే తలో దిక్కు వాలతాయి. స్తంభం ఏడడుగులు పోసి 3 అడుగులు పాతండి, గాడి కొలత మాత్రం మార్చొద్దు. అట్టడుగు పలక కింద జానెడు రేగడి తీసేసి ఇసుక నింపండి, మట్టి ఉబ్బినా పలకను పైకి తోయదు. ఎర్రనేలల్లో ఈ బాధ లేదు. వాలు 32 అడుగులకు అరడుగు లోపు ఉంటే తలలు ఒకే మట్టానికి ఉంచి, పల్లం వైపు స్తంభాలను ఆ మేరకు పొడుగ్గా పోసుకుని, కింది సందును రాళ్లతో పూడ్చేయండి.

పలకలు దించడం

ఇద్దరు చెరో స్టూలు మీద నిలబడి, పలకను నిలువుగా పట్టి స్తంభాల తలల పైనుంచి గాడుల్లోకి వదలాలి. తాడుతో రెండుచోట్ల ఉరి వేసి దించితే వేళ్లు నలగవు, మెట్టు మీద కూర్చున్నాక తాడు లాగేయొచ్చు. నాలుగోది దిగాక పైన స్తంభాల తలలు 3 అంగుళాలు మిగులుతాయి.

గాడిలో పలక కాస్త ఆడుతుంది, ఆడాలి కూడా. సందుల్లో సిమెంటు మాలు కూరకండి. ఎండకు వ్యాకోచించడానికి చోటు లేకపోతే అంచులు చిట్లుతాయి. గాలికి టకటకమంటుంటే పాత సైకిల్ ట్యూబు ముక్కలు దోపండి. విడిగా ఉండటంలో ఇంకో సుఖం ఉంది: ఒక పలక పగిలితే పైవి ఎత్తి మార్చుకోవచ్చు, ఎరువు ట్రాలీ లోపలికి రావాలంటే ఒక గడి మొత్తం తీసి మళ్లీ దించుకోవచ్చు. అందుకే పోతలప్పుడే రెండు పలకలు అదనంగా పోసి పక్కన పెట్టుకోండి.

గేటును ఈ స్తంభాలకు వేలాడదీయొద్దు. దానికి విడిగా ఇనుప పైపులు పాతాలి. కంచె పక్కన కట్టెల మోపులు, ఇటుకల కుప్పలు కూడా పెట్టకండి, మేకకు అవే మెట్లు. సొర, బీర పాదులు పాకించుకోవచ్చు, తీగల బరువు దీనికి ఒక లెక్క కాదు. వేపను, కానుగను మాత్రం పునాది గుంతలకు దూరంగా నాటండి.